ఓపిక సంగతి తర్వాత, ముందు ఆ పిల్లల మాట వినండి

ఆటిజం, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులో చేరాలని ఉందని, ఇంట్లోవాళ్లేమో "రోజంతా ఆ పిల్లల మధ్య ఉంటే మనసు పాడైపోతుంది, అంత ఓపిక నీకెక్కడిది" అంటున్నారని రాశారు. నిజంగా అలాగే ఉంటుందా అని అడిగారు.

అలా ఉండదండీ. నేను మా క్లాసులో నవ్వినంతగా ఇంకెక్కడా నవ్వలేదు. పిల్లల్ని చూసి నవ్వడం వేరు, పిల్లలతో కలిసి నవ్వడం వేరు. నేను చెబుతున్నది రెండోది. ఆ తేడా తెలియనివాళ్లు ఈ పనిలోకి రాకపోతేనే పిల్లలకు మంచిది.

నా ఉద్యోగం ఏంటో తెలియగానే కొత్తగా పరిచయమైనవాళ్లు కూడా "మీకు చాలా ఓపికండీ" అంటారు. ఇంకొందరు ఇది ఉద్యోగం కాదు, పుణ్యం అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాటలు వింటే అక్కడ నేనేదో మోయలేని బరువు మోస్తున్నట్టు, ఆ బరువు పిల్లలే అన్నట్టు ఉంటుంది. నన్ను ఇన్నేళ్లు ఇందులో ఉంచింది ఓపిక అని నేననుకోను. వీడు ఇప్పుడు ఈ మాట ఎందుకన్నాడు, ఆ పిల్ల ఆ తలుపు దగ్గరే ఎందుకు ఆగింది అనే కుతూహలమే ఉంచింది. అది ఉంటే ఓపిక దానంతటదే వస్తుంది.

ఒక బాబు సంగతి చెబుతాను. తొమ్మిదేళ్లు, ఆటిజం. సొంతంగా కూర్చుకున్న వాక్యం ఒక్కటీ లేదు. కానీ విన్నదాన్ని అదే గొంతుతో, అదే విరుపుతో, అదే వేగంతో అప్పజెప్పేవాడు. దీన్ని ఎకోలేలియా అంటారు. లిఫ్టులో వినిపించే "తలుపులు మూసుకుంటున్నాయి" అనే మాటను ఇంటికి వెళ్లే వేళ సంచి సర్దుకుంటూ అనేవాడు. అన్నిటికన్నా ఎక్కువగా అనేది మాత్రం ఫోన్లో వచ్చే రికార్డింగు. "మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు. దయచేసి కొంతసేపటి తరువాత మళ్లీ ప్రయత్నించండి." ఆ "దయచేసి" దగ్గర వాడి గొంతులో ఎంత మర్యాద పలికేదంటే, ఎంత దిగులుగా ఉన్న మనిషికైనా నవ్వు రావాల్సిందే.

వాడితోపాటు వచ్చిన పాత రిపోర్టులో "అర్థం లేని మాటలు పదేపదే అంటాడు, మాన్పించాలి" అని రాసి ఉంది. నేను మాన్పించలేదు. ఒక నోటు పుస్తకం తీసుకుని, ఆ వాక్యం అన్నప్పుడల్లా అంతకు ముందు ఏం జరిగిందో రాసుకుంటూ వచ్చాను. ఆయమ్మ సెలవు పెట్టినప్పుడు ఆమె ఖాళీ కుర్చీ ముందు నిలబడి అన్నాడు. బాగుచేయడానికి ఉయ్యాల విప్పి తీసుకెళ్తే, అది ఉండే చోట నిలబడి అన్నాడు. రోజూ వచ్చే స్నేహితుడు జ్వరంతో రానప్పుడు అన్నాడు. ఇక నాకు ఆగబుద్ధి కాలేదు. వాళ్లమ్మను అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "వాళ్ల నాన్నది వేరే ఊళ్లో ఉద్యోగం, టీచర్. పడుకునే ముందు స్పీకరు పెట్టి ఫోన్ చేస్తాం. ఆయన డ్యూటీలో ఉంటే ఇదే వస్తుంది" అంది.

నాకు ఒళ్లు జలదరించింది. కావలసిన మనిషి, కావలసిన వస్తువు కనబడనప్పుడు అనే మాట అది. అంతకన్నా సరైన వాక్యం వాడికి ఇంకెవరు నేర్పగలిగేవారు?

ఇది నా ఊహ అనుకునేవాళ్ల కోసం ఒక పాత సంగతి. లియో కానర్ అని జాన్స్ హాప్‌కిన్స్‌లో పనిచేసిన వైద్యుడు, 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజాన్ని వైద్యలోకం ముందు పెట్టినాయన, 1946లో ఈ మాటల మీదే మరో వ్యాసం రాశారు. అందులో ఒక ఐదేళ్ల పిల్లవాడు క్లినిక్‌లో ఉండగా "కుక్కను బాల్కనీలోంచి పడేయకు" అంటాడు. అక్కడ కుక్కా లేదు, బాల్కనీ లేదు. విచారిస్తే తేలింది ఏమిటంటే, మూడేళ్ల కిందట లండన్ హోటల్లో వాడు బొమ్మ కుక్కను బాల్కనీ నుంచి కిందికి విసురుతుంటే, తెచ్చి తెచ్చి విసిగిపోయిన తల్లి ఆ మాట అంది. అప్పటి నుంచి ఏదైనా విసరబుద్ధి అయినప్పుడల్లా ఆ వాక్యంతో తనను తాను ఆపుకుంటున్నాడు. తర్వాత 1981లో బ్యారీ ప్రిజాంట్, జుడిత్ డుచాన్ అనే ఇద్దరు పరిశోధకులు, పిల్లలు విన్న వెంటనే తిరిగి అనే మాటలను పరిశీలించి, అవి ఏడు రకాల పనులకు ఉపయోగపడుతున్నాయని చూపించారు. అడగడానికి, అవుననడానికి, తమను తాము సర్దుకోవడానికి, ఇలా. ఇంత తెలిసి కూడా ఇవాళ రిపోర్టుల్లో "అర్థం లేని మాటలు" అని రాస్తుంటే నాకు కోపం వస్తుంది. రాసేముందు ఒక్కసారి తల్లిని అడిగితే ఏం పోతుంది?

సరే, అసలు సంఘటనకు వస్తాను. పిల్లల స్థాయి అంచనా వేయడానికి పైనుంచి ఒక అధికారి వచ్చారు. బాబు రంగులు వేసుకుంటున్నాడు. ఆయన కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా కూర్చుని మొదలుపెట్టారు. "నీ పేరేంటి బాబూ? ఎన్నేళ్లు నీకు? ఇదేం రంగు? చెప్పు నాన్నా, ఇదేం రంగు?" మధ్యలో ఊపిరి పీల్చుకునేంత సందు కూడా లేదు. బాబు క్రేయాన్ కింద పెట్టాడు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. కిటికీ వైపు చూస్తూ, స్పష్టంగా, "మీరు ప్రయత్నిస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్నాడు.

క్లాసంతా నిశ్శబ్దం. ఆయన ఎర్ర క్రేయాన్ ఎత్తి చూపించి మళ్లీ, "ఇదేం రంగు?" అన్నారు.

"దయచేసి కొంతసేపటి తరువాత మళ్లీ ప్రయత్నించండి."

ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. నేను ఆపుకోలేకపోయాను. మా నవ్వు విని బాబు చెవుల మీంచి చేతులు తీసి, మా వైపు తిరిగి వాడూ నవ్వాడు. ఆటిజం ఉన్న పిల్లలకు హాస్యం తెలియదని చెప్పేవాళ్లు ఆ ముఖం చూసి ఉండాల్సింది. వాడు తెలిసే అన్నాడని ఎవరితోనైనా వాదిస్తాను. అంతవరకు కనబడని మనుషుల గురించి, వస్తువుల గురించి అన్న మాటను ఆ రోజు మొదటిసారి తన గురించి అన్నాడు. నేను ఉన్నాను గానీ మీకు దొరకను, తర్వాత రండి అని. పెద్దవాళ్లం ఇంత మర్యాదగా చెబుతామా ఆ మాట?

ఆయన ఫారంలో "ప్రశ్నకు సంబంధం లేని జవాబు" అని రాసుకున్నారు. సంబంధం ఉందని, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా నోటు పుస్తకం తెరిచి చూపించాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "కానీ దీనికి ఫారంలో గడి లేదండీ" అన్నారు. గడి లేకపోతే గడి గీయాలి గాని, పిల్లవాడి మాటను కొట్టేయడమేంటి?

1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు మామూలు క్లాసుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగేది సగటున 1 సెకను మాత్రమేనని తేల్చారు. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవయ్యాయి, జవాబు చెప్పకుండా ఉండిపోయేవాళ్లు తగ్గారు. మామూలు పిల్లలకే అంత తేడా వస్తే, మాట చెవిలో పడి అర్థమయ్యేందుకే ఎక్కువసేపు పట్టే మా పిల్లలకు ఎంత ఆగాలో చూడండి. నేను మనసులో పది అంకెలు లెక్కపెడతాను. ఎనిమిది దగ్గరో తొమ్మిది దగ్గరో జవాబు వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు నాలుగు దగ్గరే టెన్షన్ పడి ప్రశ్న మళ్లీ అడుగుతారు, పాపం పిల్లవాడు మళ్లీ మొదటికి వెళ్లిపోతాడు.

సమయం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా దగ్గర ఒకబ్బాయికి "ఒక్క నిమిషం ఆగు" అంటే నిజంగానే ఒక నిమిషం. పక్కన నిలబడి అరవై వరకు లెక్కపెట్టి "అయిపోయింది టీచర్" అంటాడు. వాడి పుణ్యమా అని మా స్టాఫ్ అంతా ఇప్పుడు నిజమే చెబుతున్నాం. ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే, బల్ల మీద ఇసుక గడియారం తిప్పి మరీ. క్లాసులో సగం ఏడుపులు దాంతోనే తగ్గాయి.

నాకు అస్సలు పడని ఇంకో మాట "మానసిక వయసు". పదిహేడేళ్లు నిండి, మీసాలు వచ్చిన కుర్రాడిని "వీడిది నాలుగేళ్ల మనసు" అని పరిచయం చేస్తారు. తెలివిని కొలిచే పరీక్షలో నాలుగేళ్ల పిల్లలు చేసే పనులు చేశాడేమో గానీ, పదిహేడేళ్లు బతికిన మనిషి కదా? అందరి ముందు ఇంకొకరు తన చొక్కా గుండీలు పెడుతుంటే అతను సిగ్గుతో తల వంచుకునేవాడు. నాలుగేళ్ల పిల్లవాడు అలా వంచుకుంటాడా? అతనికి చివరి నుంచి మొదటికి నేర్పాం. అన్ని గుండీలూ మేం పెట్టి ఆఖరిది అతనికి వదిలాం. అది వచ్చాక ఆఖరి రెండు. ఈ పద్ధతిలో పని పూర్తిచేసిన తృప్తి ఎప్పుడూ పిల్లలకే దక్కుతుంది. మొత్తం వచ్చేసిన తర్వాత ఏమైందంటే, స్కూల్లో ఎవరి చొక్కాకు పైగుండీ ఊడి కనిపించినా ఆగి మరీ పెట్టేవాడు. డ్రైవరుకి, వాచ్‌మన్‌కి, మీటింగులో మాట్లాడుతున్న ప్రిన్సిపాల్ సార్‌కి కూడా. సార్ మాట ఆపకుండానే మెడ పైకెత్తి పెట్టించుకున్నారు. ఆయనంటే నాకు అందుకే గౌరవం.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారని చెప్పేవాళ్లను మా క్లాస్ లీడర్ దగ్గరికి పంపాలి. వాళ్లకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి, అంతే గాని కోపతాపాలు అందరికీ ఉన్నట్టే ఉంటాయి. ఆ పిల్ల హాజరు పుస్తకం పట్టుకుని వస్తే మేమందరం సర్దుకుని కూర్చుంటాం. ఆలస్యంగా వచ్చిన టీచర్లకు కూడా కారణం చెప్పనిదే టిక్కు పడదు.

మళ్లీ మన బాబు దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీరు అడిగినదానికి అసలు జవాబు ఇదే. అధికారి వచ్చి వెళ్లిన కొన్నాళ్లకు అందరూ పొద్దుతిరుగుడు పువ్వుకు రంగు వేస్తున్నారు. వాడు క్రేయాన్ల డబ్బా బోర్లించాడు. ఒక్కొక్కటీ పక్కకు జరిపి చూశాడు. తర్వాత నా కొంగు పట్టుకుని లాగి, అదే రికార్డింగు గొంతుతో, "పసుపు రంగు ప్రస్తుతం అందుబాటులో లేదు" అన్నాడు.

బయటివాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ కనబడదు. ఈ పనిలో ఉన్నవాళ్లైతే కుర్చీలోంచి లేచి నిలబడతారు. విన్న వాక్యాన్ని విరిచి, ఒక ముక్క తీసేసి, దాని చోట తన మాట పెట్టాడు. అరువు తెచ్చుకున్న మాటల నుంచి సొంత మాటల వైపు పిల్లలు వేసే మొదటి అడుగు ఇదే. పైగా దాన్ని గాలిలోకి అనలేదు, నన్ను పిలిచి నాతో అన్నాడు. నేను పరుగున వెళ్లి పసుపు క్రేయాన్ తెచ్చిచ్చాను. మాటకు పని జరుగుతుందని ఆ క్షణంలోనే తెలియాలి. ఆ వారంలో మా క్లాసులో జిగురు అందుబాటులో లేదు, బంతి అందుబాటులో లేదు, ఆయమ్మ అందుబాటులో లేదు. మేం ఏదీ దాచకుండానే, లేదని చెప్పడానికి వాడికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది.

సాయంత్రం వాళ్లమ్మకు చెబితే, "మళ్లీ చెప్పండి టీచర్, ఏమన్నాడు?" అని నాతో చాలాసార్లు చెప్పించుకుంది. ఆ రాత్రి వాళ్ల నాన్నకు ఫోన్ కలిసిందట. ఆయన కూడా చెప్పించుకున్నాడట. ఆ రిపోర్టు రాసినవాళ్ల మాట విని మేం ఆ వాక్యాన్ని మాన్పించి ఉంటే, విరిచి కొత్తది కట్టుకోవడానికి వాడి దగ్గర ఏం మిగిలేది?

ఇక మీ సంగతి. కోర్సులో చేరే ముందు ఒక వారం పాటు ఏదైనా క్లాసులో వెనక కూర్చోండి. పిల్లలు అన్న మాటలను అన్నట్టే రాసుకోండి, పక్కనే అంతకు ముందు ఏం జరిగిందో రాయండి. మీరు చదివే పుస్తకాల కన్నా ఆ పేజీలు మీకు ఎక్కువ నేర్పుతాయి. టాయిలెట్ నేర్పడం, అన్నం తినిపించడం కూడా చూడండి, అవీ మన పనే. కష్టం లేదని నేననను. కానీ నేను చూసినంతలో ఈ పని వదిలి వెళ్లిపోయిన టీచర్లు పిల్లల వల్ల వెళ్లలేదు. రాత్రిళ్లు కూర్చుని ఫారాలు నింపలేక, క్లాసులో చేయి సాయం చేసే మనిషి లేక వెళ్లారు. అందుకని రేపు ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ముందు మీరే అడగండి, క్లాసులో నాతోపాటు ఇంకొకరు ఉంటారా అని. ఉండరంటే వేరే స్కూలు చూసుకోండి.