మట్టికోట ఊరు ఐత్ బెన్‌హద్దూ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో అమ్మా నేనూ మొరాకో వెళ్తున్నాం. మర్రాకేష్ నుంచి ఐత్ బెన్‌హద్దూకి ఒక్కరోజు టూర్లు బోలెడు కనబడుతున్నాయి. పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేయొచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎడారి కూడా అక్కడే చూసేయొచ్చంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వచ్చేయొచ్చండీ, కానీ నేనైతే వద్దంటాను. 180 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది గానీ మధ్యలో అట్లాస్ కొండలున్నాయి, టిజీ న్ టిష్కా కనుమే 2,260 మీటర్ల ఎత్తు, దారంతా మలుపులు, ఒక వైపుకే దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అంతసేపు కూర్చుని, బస్సులన్నీ వచ్చి పడే మిట్టమధ్యాహ్నానికి దిగి, గుంపుతో పాటు హడావుడిగా ఎక్కి దిగి, మళ్లీ అదే దారి పట్టాలి. అమ్మగారి మోకాళ్ల సంగతి అటుంచండి, మీకే విసుగొస్తుంది. పైగా చలికాలంలో మంచు పడితే కనుమ దారి మూసేస్తారు, కాబట్టి తిరుగు ఫ్లైట్‌కి ముందురోజు మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి.

ఒక రాత్రి అక్కడే ఉండండి. ఊనిలా ఏటికి ఒకవైపు పాత కోట ఊరు, రెండోవైపు కొత్త ఊరు. పాత ఊళ్లో ఇప్పుడు కొద్ది కుటుంబాలే మిగిలాయి, మిగతావాళ్లంతా ఎప్పుడో ఇవతలికి మారిపోయారు, హోటళ్లు కూడా ఎక్కువగా ఇటే. ఏటి మీద నడక వంతెన ఉంది. అది దాటాక మాత్రం అంతా ఎక్కుడే, మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అమ్మగారు కింది సందుల వరకు తిరిగి ఆగిపోయినా నష్టం లేదు, ఏటికి ఇవతల ఏదో ఒక మేడ మీద టీ తాగుతూ కూర్చుంటే కోటంతా ఎదురుగా కనిపిస్తుంది. మీరు శిఖరం దాకా వెళ్లండి, ఊరంతా కలిసి ధాన్యం దాచుకున్న గాదె శిథిలాలు అక్కడే ఉన్నాయి.

ఇసుక తిన్నెలు మాత్రం ఇక్కడ లేవు. రాళ్లూ ఎర్రమట్టి కొండలూ, ఏటి వెంట కాస్త పచ్చదనం, అంతే. తిన్నెలు కావాలంటే మెర్జూగా వెళ్లాలి, అది ఇక్కణ్నుంచి తూర్పుగా ఇంకో పూర్తి రోజు ప్రయాణం.

ప్రశ్న: వానొస్తే మట్టి గోడలు కరిగిపోవా? అసలది సినిమా సెట్టేనని మా తమ్ముడి వాదన.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కరుగుతాయి, అందుకే మళ్లీ మళ్లీ మెత్తుతూ ఉంటారు. మట్టిమిద్దె మీద చౌడు పోసిన ఇళ్లు మీ జిల్లాలో చూసే ఉంటారు, ఏటా వానలకి ముందు పైకెక్కకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! అక్కడ గోడల అడుగు భాగానికి రెండు చెక్కల మధ్య తడిమట్టి పోసి దిమ్మిసతో కొడతారు, పైన బురుజులకి పచ్చి ఇటుకలు పేర్చి నగిషీలు తీస్తారు. దగ్గరికెళ్లి చూడండి, మెత్తిన మట్టిలోంచి గడ్డిపరకలు పొడుచుకొచ్చి ఉంటాయి, గోడ పొడవునా వరసగా బెజ్జాలుంటాయి, అవి చెక్కల్ని పట్టి ఉంచిన అడ్డకర్రల గుర్తులు. మనుషులు వెళ్లిపోయిన ఇల్లు ముందు కూలుతుంది, ఈ ఊరికి అసలు సమస్య అదే. 2023 సెప్టెంబరు భూకంపంలోనూ కొంత దెబ్బతింది.

తమ్ముడికి చెప్పండి, సెట్ కాదు. సహారాకీ మర్రాకేష్‌కీ మధ్య ఒంటెల బిడారులు నడిచిన దారిలోని ఊరు, ఇప్పుడున్న కట్టడాల్లో పాతవి 17వ శతాబ్దం నాటివి, 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. సినిమాలు తీసిన మాట నిజమే, ‘గ్లాడియేటర్’ కూడా ఇక్కడ తీశారు.

ప్రశ్న: టికెట్ ఎంత? శాకాహారం దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, దుబాయ్

జవాబు: ఊళ్లోకి టికెట్ లేదు. కొందరు తమ ఇల్లు చూపించి కొన్ని దిర్హమ్‌లు (మీ దుబాయ్‌వి కావు, మొరాకోవి) అడుగుతారు, ఇష్టమైతే ఇవ్వండి, కానీ పైకి దారి మా ఇంట్లోంచే అంటే నమ్మకండి. కూరగాయల తజీన్ (మూత ఉన్న మట్టిపాత్రలో సన్నసెగ మీద ఉడికించే కూర) అంతటా దొరుకుతుంది, మాంసం ఉడికించిన నీళ్లు పోశారేమో ముందే అడగండి. హరీరా సూప్‌లో తరచూ మాంసం ఉంటుంది. కారం ఉండదు, పొడి డబ్బా వెంట పెట్టుకోండి.