బీఈడీయా, ఈ-లెర్నింగ్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ ఫైనలియర్. బీఈడీ చేస్తానంటోంది. ఇప్పుడు పిల్లలు వెబ్‌సైట్లలోనే బొమ్మలు కదుపుతూ లెక్కలు నేర్చుకుంటున్నారు, రేపు టీచర్లెందుకని మా బంధువులు అంటున్నారు. అమీర్‌పేటలో ఆరు నెలల ఈ-లెర్నింగ్ డిజైన్ కోర్సు ఉంది. రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. అడిగేది కోర్సు గురించే అయినా, అసలు టెన్షన్ వేరు. అమ్మాయి ఇష్టపడ్డ ఉద్యోగం పదేళ్ల తర్వాత ఉంటుందా అని. ఉంటుందండీ. నిశ్చింతగా ఉండండి.

ఈ కదిలే పాఠాలు నిన్న మొన్న వచ్చినవి కావు. గ్రాఫులు, బొమ్మలు కదుపుతూ లెక్కలు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ జియోజెబ్రా 2001లో ఆస్ట్రియాలో మొదలైంది. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద కదిపి చూసే సైన్సు, లెక్కల ప్రయోగాలు) మొదలుపెట్టారు. అవి ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఇన్నేళ్లయినా బడికి టీచర్ కావలసే వస్తోంది. మారింది ఆ టీచర్ చేసే పని.

మీ అమ్మాయి సబ్జెక్టే తీసుకుందాం. వర్గ సమీకరణం (y = ax² + bx + c) గ్రాఫ్‌కి జియోజెబ్రాలో ఏ, బీ, సీ విలువలు మార్చడానికి మూడు స్లైడర్లు (అటూ ఇటూ జరిపే మీటలు) పెట్టొచ్చు. సీ మారిస్తే పరావలయం, అంటే గిన్నెలా వంగిన ఆ గీత, పైకీ కిందికీ జరుగుతుంది. ఏ గుర్తు మారిస్తే తలకిందులవుతుంది. మరి బీ మారిస్తే? పక్కకి జరుగుతుందని చాలామంది పిల్లలు చెప్పేస్తారు. నిజానికి దాని శీర్షం (వంపు తిరిగే కొన) ఇంకో పరావలయం మీద నడుస్తుంది! స్లైడర్ ముట్టుకోకముందే 'ఎటు వెళ్తుందో నోట్‌బుక్‌లో రాయండి' అని ఆపే మనిషి ఉంటేనే అక్కడ లెక్క నేర్చుకోవడం జరుగుతుంది. లేకపోతే అటూ ఇటూ లాగి, బాగుందని వదిలేస్తారు.

ఆ ఆరు నెలల కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. చాలా చోట్ల నేర్పేది ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లు: క్విజ్ పెట్టడం, స్లైడ్‌కి వాయిస్ కలపడం. ఆ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం కంపెనీల సిబ్బందికి ట్రైనింగ్ తయారుచేసేవి. మంచి పనే, తక్కువ చేయను. కానీ తొమ్మిదో తరగతి పిల్ల మైనస్ గుర్తు దగ్గర ఎందుకు తడబడుతుందో అక్కడ ఎవరూ నేర్పరు. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ చదువుల కంపెనీలు పోటీపడి ఉద్యోగాలిచ్చాయి, 2022కల్లా చాలామందిని తీసేశాయి. అది మర్చిపోకండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో బంధువులు ఏమన్నారో ఉంది. అమ్మాయి టీచర్ ఎందుకు కావాలనుకుంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ఇరవయ్యేళ్ల పిల్ల తనకేం కావాలో స్పష్టంగా చెబుతుంటే, పెళ్లిళ్లలో కలిసినవాళ్ల మాట పట్టుకుని ఆమెను వెనక్కి లాగడం తప్పు.

ప్రైవేటు బడుల్లో మొదటి జీతం తక్కువే, దాచను. అయితే బీఈడీ చేసినవాళ్లు తర్వాత ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే కంటెంట్ పని వైపు వెళ్లగలరు. కోర్సు చేసినవాళ్లు బడిలో పర్మనెంట్ టీచర్ కావాలంటే మళ్లీ బీఈడీకే రావాలి. ఆ రెండేళ్లలోనే జియోజెబ్రాతో తెలుగులో నాలుగైదు పాఠాలు సొంతంగా తయారుచేసి, ఇంటర్న్‌షిప్ బడిలో పిల్లల మీద ప్రయత్నించమనండి. ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్లినా అవి చూపించొచ్చు.

ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు డెమోకి పిలిస్తే అమ్మాయినే వెళ్లి చూసి రానివ్వండి. పాత బ్యాచ్‌వాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఏ పని చేస్తున్నారో తనే అడుగుతుంది. అడ్వాన్స్ మాత్రం కట్టకండి.