వర్చువల్ స్థలం కొనే ముందు

ప్రియమైన మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు తయారుచేయించే చెక్క సామాను కోసం వర్చువల్ షోరూము ఒకటి కట్టించాలనుకుంటున్నావనీ, దానికోసం ఒక వర్చువల్ ప్రపంచంలో, అంటే కంప్యూటరు తెర వెనుక మాత్రమే ఉండే ప్రపంచంలో, స్థలం కొనడానికి బేరం కూడా మొదలుపెట్టావనీ తెలిసింది. షోరూము సంగతి తర్వాత మాట్లాడుకుందాం. స్థలం మాత్రం ఇప్పుడు కొనవద్దు. ఈ రంగంలో చాలా ఏళ్లు తిరిగి, కొంత సంపాదించి, అంతకంటే కొంచెం ఎక్కువే పోగొట్టుకున్నవాడిగా ఈ మాట చెబుతున్నాను.

నేల మీద కూడలిలో ఉన్న దుకాణానికి విలువ ఎందుకు వస్తుంది? పదిమందీ ఆ దారినే నడవాలి గనుక. వర్చువల్ ప్రపంచంలో నడిచి వెళ్లేవారు తక్కువ. కోరిన చోటికి ఒక్క నొక్కుతో చేరిపోతారు. అక్కడ స్థలాలకు కొరత ఉందంటే, అది నిర్వాహకులు నియమంగా రాసుకున్న ఒక అంకె మాత్రమే. పక్కన మరో ప్రపంచం తెరుచుకుంటే అక్కడ కావలసినంత నేల దొరుకుతుంది. 2021 నవంబరులో డిసెంట్రాలాండ్ అనే వర్చువల్ ప్రపంచంలో కొంత స్థలం దాదాపు 24 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ఉత్సాహం చల్లారాక అక్కడి ధరలు ఎంతగా పడిపోయాయో నీకు అమ్మజూపుతున్న పెద్దమనిషి చెప్పి ఉండడు.

స్థలం మీద సంపాదించినవారు లేరా అని నువ్వు అడుగుతావు. ఉన్నారు. 2003లో లిండెన్ ల్యాబ్ సంస్థ ప్రారంభించిన సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచంలో ఆన్షే చుంగ్ అనే పేరుతో వ్యాపారం చేసిన ఐలిన్ గ్రేఫ్, 2006లో బిజినెస్‌వీక్ పత్రిక ముఖచిత్రానికెక్కారు. అయితే ఆమె నేల కొని, ధర పెరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చోలేదు. దానిని తీర్చిదిద్ది, చిన్న భాగాలుగా విడగొట్టి, అమ్మకానికీ అద్దెకూ ఇచ్చారు. జనం డబ్బు ఇచ్చింది ఆ పనికి. అదే ఏడాది అమెరికన్ అపారెల్ సంస్థ కూడా సెకండ్ లైఫ్‌లో బట్టల దుకాణం తెరిచి, మరుసటి ఏడాదే మూసివేసింది. ఆ ప్రపంచంలో వాడుకరులు తాము సృష్టించినవాటిపై హక్కులు తామే ఉంచుకోవచ్చని నిర్వాహకులు 2003లోనే ప్రకటించారు. అందువల్ల అక్కడే కాపురమున్న చేతిపనివారు అవతారాలకు, అంటే అక్కడ మనిషి తరఫున తిరిగే బొమ్మలకు, బట్టలు, జుట్టు, సామాను తయారుచేసి అమ్ముకుంటూ ఉండేవారు. వారి మధ్యకు బయటి నుంచి వచ్చిన పెద్ద పేరు వల్ల కొత్తగా ఒరిగేది పెద్దగా లేదని నా అభిప్రాయం. (అవతారం మన మాటే అయినా, అది మనకు తిరిగి వచ్చేసరికి అవతార్ అయింది.)

ఇక్కడే నీ ఉత్తరంలో ఒక తికమక కనిపించింది. నువ్వు కుర్చీ అమ్మదలచుకున్నది అవతారానికా, దాని వెనుక కూర్చున్న మనిషికా? రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి రాశావు. కానీ అవి రెండు వేర్వేరు వ్యాపారాలు. మొదటిదానిలో చెక్కకూ రవాణాకూ పని లేదు. నెలనెలా కొత్త నమూనాలు గీయగల చెయ్యి కావాలి. నీ దగ్గర ఉన్నది రెండోది. బల్ల కొనేవారి మనసులో ఉండే సందేహాలు చాలా మామూలువి: ఇది మా గదిలో పడుతుందా, తలుపుకు అడ్డం వస్తుందా, గోడ రంగుకు నప్పుతుందా? వాటికి జవాబు చెప్పడానికి ఊహాప్రపంచం అవసరం లేదు. 2017లో ఇంటి సామాను అమ్మే ఐకియా సంస్థ తెచ్చిన యాప్ చేసింది ఇదే: ఫోను కెమెరాలో గదిని చూపిస్తే, సామాను నిజమైన కొలతలతో ఆ గదిలోనే పెట్టి చూపేది.

కనుక నీ మొదటి ఖర్చు మంచి త్రీడీ మోడళ్ల మీద పెట్టు. కొలతలు కార్ఖానాలో వాడే డ్రాయింగుల నుంచే తీసుకోవాలి; కంటికి ఇంపుగా ఉంటుందని కాళ్లను సన్నం చేస్తే, సరుకు వెనక్కి వచ్చినప్పుడు ఆ ఇంపుకు మూల్యం నువ్వే చెల్లిస్తావు. చెక్క మీది చారలను సమమైన వెలుతురులో ఫోటో తీయించు, ఎందుకంటే పసుపు దీపం కింద తీసిన టేకు ఫోనులో మరో చెక్కలా కనబడుతుంది. ఫైలు తేలికగా ఉండాలి, లేకపోతే తెరుచుకునేలోపే కొనేవారు వెళ్లిపోతారు. ఆండ్రాయిడ్ ఫోన్లకు జీఎల్‌టీఎఫ్ అనే ఫైలు రూపంలోనూ, ఐఫోన్లకు యూఎస్‌డీజెడ్ అనే ఫైలు రూపంలోనూ మోడలును సిద్ధం చేయిస్తే, ఏ యాప్ దింపుకోకుండానే నీ వెబ్‌సైటు నుంచి దానిని గదిలో పెట్టి చూసుకోవచ్చు. మోడలు చేసేవారితో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు, మోడలును గీసిన అసలు ఫైళ్లు (బ్లెండర్ అనే సాఫ్ట్‌వేరువి) కూడా నీకే అప్పగించాలని రాయించుకో. ఇది మరిచిపోయి ఒకే మేజాకు నేను రెండుసార్లు డబ్బు కట్టాను.

కళ్లకు తగిలించుకుని వర్చువల్ ప్రపంచాన్ని చుట్టూ చూసే హెడ్‌సెట్ పనికిరాదని నేను అనడం లేదు. అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ 2018లో తన సిబ్బంది శిక్షణ కోసం 17,000 హెడ్‌సెట్లను దుకాణాలకు పంపింది. రద్దీ రోజును రద్దీ లేనప్పుడే అనుభవంలోకి తేవడం వాటి వల్ల సాధ్యమవుతుంది. ఇంకా కట్టని చోటును, పూర్తి పరిమాణంలో, లోపల నిలబడి చూడవలసిన అవసరం ఉన్నప్పుడు కూడా హెడ్‌సెట్‌కు సాటి లేదు. హోటలుకో పాఠశాలకో ఒక అంతస్తు మొత్తం సామాను అడిగే ఖాతాదారు వచ్చినప్పుడు నీకు ఆ అవసరం పడుతుంది. అప్పటికి నీ కార్యాలయంలో ఒక్క హెడ్‌సెట్ ఉంటే సరిపోతుంది. అది పెట్టుకున్నవారికి తల తిరిగితే తప్పు వారిది కాదు. కన్ను కదులుతున్నామంటుంది, లోచెవి కదలడం లేదంటుంది. ఆ వైరుధ్యమే వికారానికి కారణం. కాబట్టి చూసేవారిని గాలిలో జరుపుకుంటూ తీసుకెళ్లకుండా, ఒక చోటి నుంచి మరో చోటికి ఒక్కసారిగా చేర్చే ఏర్పాటు చేయించు, దృశ్యం సెకనుకు 90 ఫ్రేములకు (బొమ్మలకు) తగ్గకుండా చూడు, మొదటిసారి వచ్చినవారిని కూర్చోబెట్టే చూపించు. పరీక్షించడానికి నీ ఇంజనీరును పిలవకు, అతడికి అలవాటైపోయి ఉంటుంది. లెక్కలు రాసే ఆయనను పిలువు.

ఒప్పంద నిబంధనలను పూర్తిగా చదవమని చెబితే నవ్వుతావని తెలుసు. 2006లో సెకండ్ లైఫ్‌లో ఒక న్యాయవాది వేలంలో కొన్న స్థలంపై వివాదం వచ్చి, నిర్వాహకులు ఆయన ఖాతానే స్తంభింపజేశారు. ఆయన కోర్టుకు వెళ్లారు. వివాదం వస్తే కోర్టుకు కాక మధ్యవర్తిత్వానికే రావాలన్న నిర్వాహకుల నిబంధన ఏకపక్షంగా ఉందని 2007లో కోర్టు తేల్చింది, ఆ తర్వాత ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. న్యాయవాది కనుక ఆయన అంతదూరం వెళ్లగలిగారు. నా కథ అంత దూరం పోలేదు. ఎనిమిది నెలలు శ్రమించి కట్టించిన ప్రదర్శనశాల, ఆ ప్లాట్‌ఫాం మూతపడుతోందన్న ఒక్క ఈమెయిలుతో పోయింది. కట్టడం పోయినందుకు నేను అంత బాధపడలేదు. మమ్మల్ని చూడవచ్చినవారి పేర్లన్నీ లోపలే ఉండిపోయాయి. మళ్లీ వారిని పలకరించే దారి లేకపోయింది. పెద్ద సంస్థ చేతిలో ఉంటే భద్రమనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆల్ట్‌స్పేస్ వీఆర్ అనే వర్చువల్ వేదిక కూడా 2023 మార్చిలో మూతపడింది. అందువల్ల ఎవరి వేదిక మీద ప్రదర్శన పెట్టినా, ఆర్డరూ చెల్లింపూ నీ వెబ్‌సైటులోనే జరగాలి. వచ్చినవారి అనుమతితో తీసుకున్న చిరునామాలు నీ పుస్తకంలోనే ఉండాలి. హెడ్‌సెట్ మనిషి తల, చేతుల కదలికలను, కొన్నిరకాలైతే చూపు ఎటు తిరుగుతోందో కూడా నమోదు చేస్తుంది. ఆ వివరాలు నీ అమ్మకానికి అక్కరలేనివి, కనుక సేకరించవద్దు.

ఎంతమంది చూశారన్న లెక్కకు మురిసిపోకు. మోడలును తమ గదిలో పెట్టి చూసినవారిలో ఎందరు కొన్నారు, కొన్నవారిలో ఎందరు కొలత కుదరలేదని వెనక్కి పంపారు అన్న రెండు అంకెలు మాత్రం ప్రతినెలా నాకు పంపు.

ఆ స్థలానికి బయానా ఇంకా కట్టకపోతే ఈ వారంలోనే వద్దని చెప్పేసెయ్. నీ దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే మూడు వస్తువులకు మోడళ్లు చేయించి, వాటి లంకెలు నాకు పంపించు. నా ఫోను పాతది, నెట్టు నెమ్మది. వాటి మీద తెరుచుకుంటే మిగతా వస్తువుల పని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య