ఆయాసం తెప్పించి చేసే పరీక్ష.. చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. మూడు నెలలుగా పొడిదగ్గు. రాత్రి రెండు, మూడు గంటల వేళ దగ్గుతో మెలకువ వచ్చేస్తోంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటోంది. ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) నార్మల్. అయినా ఆస్థమా కావచ్చంటూ మెథాకోలిన్ ఛాలెంజ్ టెస్ట్ రాశారు. మందు పీల్పించి ఆయాసం తెప్పిస్తారట. భయంగా ఉంది. దానికి బదులు ఇన్‌హేలర్ వాడి చూడకూడదా? మైగ్రేన్‌కు నాలుగు నెలలుగా ప్రొప్రనలాల్ 40 మి.గ్రా. రోజూ రెండుసార్లు వేసుకుంటున్నాను.

సలహా: మీరు చివర్లో రాసిన మాటే అన్నిటికన్నా ముఖ్యమైంది. ప్రొప్రనలాల్ మొదలుపెట్టిన నెలకు మీకు దగ్గు వచ్చింది. ఈ మందు గుండెతో పాటు శ్వాసనాళాల్లోని బీటా గ్రాహకాలనూ అడ్డుకుంటుంది. నాళాలు విప్పారి ఉండటానికి తోడ్పడేవి అవే. ఆస్థమా స్వభావం లోలోపల ఉన్నవారిలో అవి పనిచేయకపోతే దగ్గు, పిల్లికూతలు, ఆయాసం బయటపడతాయి. టెస్ట్ రాసిన డాక్టరుకు ఈ మాత్రల సంగతి చెప్పారో లేదో గుర్తుచేసుకోండి. చెప్పకపోతే వెంటనే చెప్పండి.

ప్రొప్రనలాల్ వాడుతూ మెథాకోలిన్ పీలిస్తే నాళాలు మామూలు కన్నా ఎక్కువగా బిగుసుకోవచ్చు. పైగా నాళాలను విప్పార్చడానికి విరుగుడుగా ఇచ్చే సాల్‌బుటమాల్ కూడా ఆ బీటా గ్రాహకాల మీదే పనిచేయాలి కాబట్టి దాని ప్రభావం తగ్గిపోతుంది. అందువల్ల ఇప్పుడే పరీక్ష వద్దు. అలాగని మాత్రలు ఇవాళే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే గుండెదడ, బీపీ పెరగడం, మైగ్రేన్ తిరగబెట్టడం జరగొచ్చు. వాటిని రాసిన డాక్టరును కలిసి మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి. ఎమిట్రిప్టిలిన్ లాంటి వేరే నివారణ మందుకు మారొచ్చు. ఆపాక దగ్గు పూర్తిగా తగ్గిపోయినా ఆస్థమా లేదని తేల్చేయకూడదు. ఆ మందు దాన్ని బయటపెట్టి ఉండొచ్చు.

ఆ తర్వాత కూడా లక్షణాలుంటే పరీక్ష చేయించుకోండి, భయం అక్కర్లేదు. ఆస్థమాలో నాళాలు ఎప్పుడూ మూసుకుపోయి ఉండవు. అర్ధరాత్రి బిగుసుకుని, పగలు మీరు ఊదే సమయానికి మామూలుగా ఉంటాయి. అందుకే మీ స్పైరోమెట్రీ నార్మల్‌గా వచ్చి ఉండొచ్చు. చిన్న ప్రేరేపణకే అవి బిగుసుకుంటాయా అన్నది తెలియాలంటే ఆ ప్రేరేపణ ఇచ్చే చూడాలి.

ముందు మామూలుగా ఊదిస్తారు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలిని ఎఫ్‌ఈవీ1 అంటారు. అది మీ వయసు, ఎత్తుకు ఉండాల్సిన దాంట్లో 60 శాతం కన్నా తక్కువుంటే పరీక్ష మొదలే పెట్టరు. తర్వాత మందు కలపని ద్రావణం పీల్పించి మళ్లీ కొలుస్తారు. అది 2.60 లీటర్లు వచ్చిందనుకుందాం. 20 శాతం తగ్గితే 2.08. ఇక అందరి చూపూ ఆ అంకె మీదే ఉంటుంది. నెబ్యులైజర్‌తో మెథాకోలిన్‌ను మిల్లీలీటరుకు 1 మి.గ్రా. కన్నా చాలా తక్కువ గాఢతతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుకూ రెండింతలో నాలుగింతలో పెంచుతూ 16 మి.గ్రా. దాకా వెళతారు. ప్రతి మోతాదు తర్వాత 30, 90 సెకన్లకు ఊదిస్తారు. 2.08కి దిగగానే ఆపేసి సాల్‌బుటమాల్ ఇస్తారు. ఎఫ్‌ఈవీ1 మొదటి అంకెకు దాదాపు చేరే దాకా ఇంటికి పంపరు. మధ్యలో దగ్గు, ఛాతీ బిగువు ఉంటాయి, అది నిజమే. పద్ధతి ప్రకారం, ఆక్సిజన్, అత్యవసర మందులు పక్కన పెట్టుకుని చేసేచోట ప్రమాదకర పరిస్థితి చాలా అరుదు.

ఫలితం చెడేది ఎక్కువగా ఊదడం, పీల్చడం దగ్గరే. మందు పీల్చేటప్పుడు మామూలుగా ఊపిరి తీసుకోండి. ఎక్కువ మందు లోపలికి పోవాలని గుండెల నిండా పీల్చకండి. లోతైన శ్వాసే కాసేపు నాళాలను విప్పార్చి, ఉన్న ఆస్థమాను కప్పేస్తుంది. ఊదేటప్పుడు మాత్రం నిండా పీల్చి బలమంతా పెట్టి ఊదాలి. అలసిపోయి సగం ఊదితే లేని ఆస్థమా ఉన్నట్టు వస్తుంది. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు గొంతు దగ్గర పట్టేస్తుంటే టెక్నీషియన్‌కు చెప్పండి. అది స్వరపేటిక సమస్య కావచ్చు. దాని చికిత్స వేరు.

సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్‌ను 6 గంటల ముందు, ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ ఉన్నవాటిని 36 గంటల ముందు, టియోట్రోపియంను వారం ముందు ఆపాలి. అలర్జీ మాత్రలు, మాంటెలుకాస్ట్ ఈ పరీక్షకు ఆపనక్కర్లేదు. మానిటాల్ పొడితో చేసే పరీక్షకైతే ఆపాలి. అందుకే ఏ పరీక్షో ముందే అడగండి. ఈ మధ్య జలుబు, ఫ్లూ వచ్చి ఉంటే ఆరు వారాలు ఆగడం మంచిది. లేకపోతే తప్పుడు పాజిటివ్ రావచ్చు. గర్భం, గత మూడు నెలల్లో గుండెపోటు లేదా పక్షవాతం, అదుపులో లేని బీపీ ఉంటే దీన్ని చేయరు.

ఇన్‌హేలర్ వాడి చూద్దామన్న ఆలోచన నాకు అంతగా నచ్చదు. మూడు నెలల దగ్గు దానంతటదే తగ్గే సమయానికి ఇన్‌హేలర్ మొదలుపెడితే పేరు దానికే వస్తుంది. అవసరం లేకుండా ఏళ్ల తరబడి వాడేస్తారు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కొన్ని వారాలు వాడాక ఈ పరీక్ష చేస్తే నిజంగా ఆస్థమా ఉన్నా నెగెటివ్ రావచ్చు. ఈలోగా ఊదే వేగాన్ని కొలిచే చిన్న పరికరం పీక్ ఫ్లో మీటర్‌తో రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది రాసిపెట్టండి. రోజువారీ తేడా సగటున 10 శాతం దాటుతుంటే అదీ ఆధారమే. ఒక్కోసారి పరీక్ష అవసరమే రాదు.

రిపోర్టులో పాజిటివ్, నెగెటివ్ అన్న మాటతో ఊరుకోకుండా అంకె అడగండి. 16 మి.గ్రా. దగ్గర కూడా 20 శాతం తగ్గకపోతే, స్టెరాయిడ్ వాడకుండా లక్షణాలున్న రోజుల్లో చేసిన పరీక్షైతే, ఆస్థమా దాదాపు కాదు. 4-16 మధ్య తగ్గితే అటూ ఇటూ చెప్పలేం. ముక్కు అలర్జీ ఉన్నవారిలో, పొగతాగేవారిలో కూడా అలా వస్తుంది. 1 కన్నా తక్కువకే తగ్గితే ఆస్థమాకు బలమైన ఆధారం. కొన్ని ల్యాబులు పీల్చిన మొత్తాన్ని మైక్రోగ్రాముల్లో ఇస్తాయి. అక్కడ 400 దాటితే నార్మల్.

నెగెటివ్ వచ్చినా రాత్రి దగ్గు ఆగకపోతే కఫంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) పరీక్ష అడగండి. ఈ కణాలు చేరి శ్వాసనాళాలు వాచే ఇయోసినోఫిలిక్ బ్రాంకైటిస్‌లో మెథాకోలిన్ పరీక్ష నార్మల్‌గానే ఉంటుంది, దగ్గు మాత్రం స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు తగ్గుతుంది. అది కాకపోతే ముక్కు వెనక నుంచి కారే స్రావం, కడుపులో యాసిడ్ పైకి రావడం చూడాలి. ముందు మాత్రం మైగ్రేన్ డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈలోగా ఆయాసం, పిల్లికూతలు పెరిగితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, ప్రొప్రనలాల్ వాడుతున్నట్టు మొదటే చెప్పండి.