సూపు చిక్కబడాలి, పాలు విరగకూడదు

ముసురు పట్టిందంటే సాయంత్రాలు వేడివేడిగా ఏదైనా ఉండాలి. పాస్తాను కాస్త పలచగా, చెంచాతో తాగేలా చేసుకునే క్రీమ్ సూపు మీద గోదావరి జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. కొలతలు నలుగురికి. పెద్ద చెంచా అంటే 15 మి.లీ., చిన్న చెంచా అంటే 5 మి.లీ., కప్పు అంటే 240 మి.లీ.

ప్రశ్న: పిల్లలు హోటల్లో తాగిన టమాటా పాస్తా సూపు ఇంట్లో చేసిపెట్టమంటున్నారు. మాకు గేదె పాలు ఇంటికే వస్తాయి. క్రీమ్ డబ్బా కొనకుండా కుదురుతుందా? మొదట్నుంచీ చెప్పండి. (గృహిణి, పాలకొల్లు)

కుదురుతుంది. గేదె పాలు ఇంటికొచ్చేవాళ్ళకు డబ్బా క్రీమ్ అవసరమే లేదు. ఆ పాలలో వెన్న ఆవు పాలకంటే బాగా ఎక్కువ. ప్యాకెట్ పాలయితే 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ రకం తీసుకోండి. 3 శాతం ఉండే టోన్డ్ పాలతో చేస్తే రుచి పలచబడుతుంది.

పండిన టమాటాలు 400 గ్రాములు వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, తొక్క తీసి మిక్సీ పట్టండి. మూకుడులో ఒక పెద్ద చెంచా నూనె వేసి ఈ గుజ్జును ఎనిమిది పది నిమిషాలు మగ్గనివ్వండి. గరిటెతో లాగితే మూకుడు అడుగు కనిపించి, గుజ్జు వెంటనే మూసుకోకుండా ఒక క్షణం ఆగాలి. ఈ పని తొందరగా ముగిస్తే సూపులో పచ్చివాసన చివరిదాకా పోదు.

వేరే మందపాటి గిన్నెలో 40 గ్రాముల వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు ఆరు వేసి మెత్తబడేదాకా వేయించండి. ఎర్రబడనివ్వొద్దు. అందులో నాలుగు పెద్ద చెంచాల మైదా చల్లి, సన్నని సెగమీద రెండు నిమిషాలు తిప్పండి. పచ్చిపిండి వాసన పోయి కమ్మని వాసన రావాలి, రంగు మాత్రం మారకూడదు. ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళు రెండున్నర కప్పులు పోయాలి. మొదటి కప్పు నీళ్ళు గరిటెడు గరిటెడుగా పోస్తూ, ప్రతిసారీ పిండి నున్నగా కలిశాకే తర్వాతి గరిటె పోయండి. నీళ్ళన్నీ ఒక్కసారి గుమ్మరిస్తే పిండి ఉండల పైపొర ఉడికి గట్టిపడుతుంది, లోపల పొడి పొడిగానే ఉండిపోతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా ఆ ఉండలు విడవవు, జల్లెడ పట్టడం ఒక్కటే దారి.

ఉడుకు పట్టాక అయిదు నిమిషాలు ఉంచి, టమాటా గుజ్జు, ముప్పావు చిన్న చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా పంచదార వేయండి. మరో అయిదు నిమిషాలు ఉడికించి సెగ బాగా తగ్గించండి. కాచి గోరువెచ్చగా ఉంచుకున్న పాలు 300 మి.లీ. తీసుకుని, ముందు రెండు గరిటెల సూపును పాలలో పోసి కలపండి. ఆ పాలను సన్నని ధారగా గిన్నెలో పోస్తూ తిప్పండి. ఆపైన మూడు పెద్ద చెంచాల మీగడ. ఇక్కణ్ణుంచి సూపు తెర్లకూడదు. ఆవిరి వస్తూ, అంచుల్లో చిన్న బుడగలు కనబడితే చాలు, పొయ్యి కట్టేయండి. ప్రాసెస్డ్ చీజ్ 40 గ్రాములు తురిమి కలిపి, ఉప్పు సరిచూడటం అప్పుడే. చీజ్‌లోనే ఉప్పుంటుంది కాబట్టి ముందే సరిపెట్టుకుంటే ఎక్కువైపోతుంది.

మీగడ గురించి ఒక మాట. మన ఇళ్ళల్లో వెన్న తీయడానికి వారం రోజులపాటు గిన్నెలో పోగుచేస్తాం కదా, ఆ మీగడ పనికిరాదు. అది లోపల్లోపలే పులిసి ఉంటుంది, వేడి సూపులో పడగానే విరుగుతుంది. ఆ రోజు పాల మీది మీగడే కావాలి. రెండు చెంచాల పాలు చేర్చి మిక్సీలో అయిదు సెకన్లు తిప్పితే నున్నగా అవుతుంది. అంతకు మించితే వెన్న పడుతుంది.

పాస్తా 120 గ్రాములు విడిగా ఉడికించి, వడ్డించేటప్పుడు కలపండి. ఎందుకో కింద ఇంకో ప్రశ్నకు జవాబులో ఉంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే చివర్లో పాలు పోస్తాను. అయినా రెండుసార్లకు ఒకసారి సూపు విరిగినట్టు చుక్కలు చుక్కలుగా అవుతోంది. మా పెరట్లో నాటు టమాటాలు వాడతాను. (పాఠకురాలు, మండపేట)

నాటు టమాటా పులుపు ఎక్కువ. పులుపు పెరిగేకొద్దీ పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి, వేడి ఆ పనిని తొందరపెడుతుంది. ముందే ఉడికిన మైదా ఉంటే ఆ అతుక్కోవడానికి అడ్డుపడుతుంది. అందుకే సూపు చిక్కబడ్డాకే పాలు పోయమంటాం.

మీరు టమాటాలు 300 గ్రాములకు తగ్గించి, ఒక క్యారెట్ ఉడికించి గుజ్జులో కలపండి. తీపీ వస్తుంది, రంగూ నిలుస్తుంది. లేదా మగ్గిన గుజ్జులో వంటసోడా చిటికెడు, అంటే చిన్న చెంచాలో ఎనిమిదో వంతు, వేయండి. నురగ పొంగి అణిగాక సూపులో కలపాలి. అంతకంటే ఎక్కువ వేస్తే సబ్బు రుచి తగులుతుంది, దానికి విరుగుడు లేదు.

ఇంకో అనుమానం: మీరు అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తున్నారా? పచ్చి అల్లంలో పాలను గడ్డకట్టించే గుణం ఉంది. వెల్లుల్లి ఒక్కటే వేయండి. అల్లం కావాలనుకుంటే ఉల్లిపాయతోపాటు బాగా వేగాలి.

విరిగిన సూపును పారబోయక్కర్లేదు. పొయ్యి దించి, పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్‌ను మూడు చెంచాల చన్నీళ్ళలో కలిపి పోసి, సన్నని సెగమీద చిక్కబడనిచ్చి, చల్లారాక మిక్సీ పట్టండి. చుక్కలు కనబడవు. మొదటి నునుపు మాత్రం పూర్తిగా రాదు.

ప్రశ్న: రాత్రి మిగిలిన సూపు పొద్దున్నకి ఉప్మాలా గట్టిపడింది. పాస్తా ఉబ్బి చిట్లిపోయింది. (ఉద్యోగిని, నరసాపురం)

సూపులో ఉన్నంతసేపూ పాస్తా నీళ్ళు పీలుస్తూనే ఉంటుంది, పొయ్యి కట్టేసినా ఆగదు. దాని పిండి సూపులోకి దిగి సూపునూ గట్టిపరుస్తుంది. రెండిటినీ విడివిడిగా ఉంచడమే మందు. 120 గ్రాముల పాస్తాకు లీటరుంబావు నీళ్ళు, రెండు చిన్న చెంచాల ఉప్పు. ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే దించి వడకట్టండి. ఒక కప్పు గంజి పక్కన పెట్టుకోండి. పాస్తాకు చెంచా నూనె పట్టించి మూతపెట్టి ఉంచండి. గిన్నెలో ముందు రెండు మూడు చెంచాల పాస్తా, దానిమీద వేడి సూపు. మిగిలిన రెండు నిమిషాల ఉడుకు ఆ వేడికే పూర్తవుతుంది.

మిగిలితే రెండిటినీ వేర్వేరు డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు ఉంటాయి. మన తేమకు, ఉక్కకు పాల సూపును బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. మళ్ళీ వేడిచేసేటప్పుడు పలచన చేయడానికి దాచిన గంజి గానీ, పాలు గానీ పోసి సన్నని సెగమీద కలుపుతూ ఉండండి.

ప్రశ్న: కిరాణా కొట్లో విడిగా అమ్మే మాకరోనీ చవక. దాంతో చేయొచ్చా? లేకపోతే సేమ్యా? (పాఠకుడు, తణుకు)

విడి మాకరోనీ చాలాసార్లు మైదాతో చేసిందే. ఉడికే నీళ్ళు తెల్లగా చిక్కబడి, ముక్కలు అంచుల్లో చిట్లితే అదేనని తెలిసిపోతుంది. డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసింది కాస్త పసుపుగా, గట్టిగా ఉంటుంది, ఉడికినా పట్టు వదలదు. విడిదే ఉంటే ఆరు నిమిషాల నుంచే కొరికి చూస్తూ ఉండండి. సేమ్యా వద్దు. అది సూపులో పడిన పది నిమిషాలకు పాయసం చిక్కదనానికి వస్తుంది, పైగా ఉప్పగా!

ప్రశ్న: మా ఊళ్ళో రొయ్యలకు లోటు లేదు. సూపులో రొయ్యలు వేస్తే నీచు వాసన వస్తోంది, రబ్బరులా సాగుతున్నాయి. (పాఠకురాలు, భీమవరం)

మీ ఊళ్ళో ఉండి తలకాయలు, పెంకులు పారేస్తున్నారంటే సూపు రుచిలో సగం పారేస్తున్నట్టే. అర కేజీ రొయ్యలు వొలిస్తే వచ్చే తలకాయలు, పెంకులు రెండు మూడు నీళ్ళలో కడిగి, పూర్తిగా వడకట్టండి. పెద్ద చెంచా నూనె బాగా కాగాక వేసి, అయిదు నిమిషాలు కదుపుతూ వేయించండి. ఎర్రబడి, నీరంతా ఇగిరి, వేపుడు వాసన రావాలి. తడితో ఉన్నప్పుడే నీళ్ళు పోసేస్తే నీచు అలాగే నిలబడుతుంది. వేగాక పప్పుగుత్తితో తలకాయల్ని మెదిపి, లీటరు నీళ్ళు, నాలుగు మిరియాలు, ఉల్లిపాయ ముక్క వేసి ఇరవై నిమిషాలు మరగనిచ్చి, పలచటి గుడ్డలో వడకట్టండి. గంటసేపు మరిగిస్తే రుచి పెరగదు, చేదు పడుతుంది. మొదటి జవాబులో నీళ్ళ బదులు ఈ రసం రెండున్నర కప్పులు వాడండి. టమాటా 200 గ్రాములు చాలు. చీజ్ సగానికి తగ్గించండి, రొయ్య రుచిని అది మింగేస్తుంది.

రొయ్యలు సాగడం పూర్తిగా సమయం తప్పే. నల్లనరం తీసి, చిటికెడు ఉప్పు, పసుపు పట్టించి పది నిమిషాలు ఉంచి, వెన్నలో విడిగా వేయించండి. 50 కౌంట్ (కిలోకు 50 తూగే) రొయ్యకు ఒక్కో వైపు నిమిషం, 30 కౌంట్‌కు నిమిషంన్నర. అర్ధచంద్రంలా వంగి, మధ్యలో గాజులా కనబడటం పోతే దించేయండి. గుండ్రంగా చుట్టుకున్నాయంటే ముదిరినట్టే. సూపు గిన్నెలో పోశాక పైన వేయండి, సూపుతోపాటు ఉడకబెట్టొద్దు.

ప్రశ్న: మా అత్తగారికి పాలు పడవు. కొబ్బరిపాలతో ఈ సూపు వస్తుందా? విరుగుతుందా? (గృహిణి, అంబాజీపేట)

కొబ్బరికి కేంద్రమైన ఊరి నుంచి అడిగారు! బాగా వస్తుంది. ముదురు కాయ ఒకటి కోరి, కప్పు గోరువెచ్చని నీళ్ళతో మిక్సీ పట్టి పిండితే మొదటి పాలు. ఆ పిప్పిలోనే మళ్ళీ రెండు కప్పుల నీళ్ళు పోసి పిండితే రెండో పాలు. నీళ్ళ స్థానంలో రెండో పాలు పోసి ఉడికించుకోండి, తగ్గితే నీళ్ళు కలపండి. మొదటి పాలు చివర్లో, పొయ్యి కట్టేసే ముందు.

టమాటా పులుపుకి ఆవు, గేదె పాలు విరిగినట్టు ఇవి విరగవు. కానీ తెర్లనిస్తే నూనె పైకి తేలి, అడుగున నీరు మిగులుతుంది. మైదా ఉంటే ఆ విడిపోవడం తగ్గుతుంది. వెన్న బదులు నూనె వాడండి, చీజ్ పూర్తిగా మానేయండి. రొయ్య రసంతో ఈ కొబ్బరిపాల సూపు పాల సూపుకంటే బాగుంటుందని మా అభిప్రాయం.

ప్రశ్న: మోజరెల్లా వేస్తే సూపులో ముద్దగా అడుగుకు చేరి గరిటెకు తీగల్లా చుట్టుకుంది. పనీర్ వేస్తే కరగనే లేదు. (విద్యార్థిని, కాకినాడ)

మోజరెల్లా పిజ్జా మీద సాగడానికి బాగుంటుంది, సూపుకు పనికిరాదు. తెర్లే సూపులో పడితే దాని మాంసకృత్తులు ముడుచుకుని ముద్దవుతాయి, నూనె బయటికొస్తుంది. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వును, నీటిని కలిపి ఉంచే లవణాలు కలుపుతారు, అందుకే అది నున్నగా కరుగుతుంది. మోజరెల్లానే ఉంటే 25 గ్రాములు మించకుండా తురిమి, అర చెంచా కార్న్‌ఫ్లోర్ అద్ది, పొయ్యి కట్టేసి రెండు నిమిషాలాగి కొద్దికొద్దిగా కలపండి. పనీర్ ఏ వేడికీ కరగదు. 50 గ్రాముల పనీర్‌ను పాలతోపాటు మిక్సీలో మెత్తగా పట్టి పోస్తే చిక్కదనం మాత్రం ఇస్తుంది.

ప్రశ్న: ఒరేగానో దొరకదు. బదులేం వేయాలి? (రాజోలు)

పెరట్లో వాము ఆకు ఉంటే చాలు, రెండింటి ఘాటు దగ్గరగా ఉంటుంది. మందపాటి ఆకు ఒకటి సన్నగా తరిగి ఉల్లిపాయతో వేయించండి. రెండు వేస్తే కషాయం తాగుతున్నట్టుంటుంది. కారం కోసం పచ్చికారం కలపొద్దు, ఎండుమిర్చి గింజలతో కచ్చాపచ్చాగా దంచి పైన చల్లుకోండి.

ప్రశ్న: అన్నీ సరిగా వేశాను, సూపు నీళ్ళలా ఉంది. మళ్ళీ మైదా కలపొచ్చా? (పాఠకుడు, అమలాపురం)

పొడి మైదా వద్దు, ఉండలు కడుతుంది. ఉడికిన పాస్తా నాలుగు పెద్ద చెంచాలు, రెండు గరిటెల సూపు కలిపి మిక్సీ పట్టి తిరిగి గిన్నెలో పోయండి. ఆ పాస్తా పిండే సూపును పట్టుకుంటుంది, రుచీ మారదు. మిక్సీలో వేసే ముందు ఆ సూపు చల్లారాలి. వేడిగా మూత బిగించి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది, చేతులు కాలతాయి.