నైట్రోజన్ కొట్టించకపోతే టైరు పేలుతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. రోజూ కారులో విజయవాడ ఆఫీసుకు వెళ్లొస్తాను. టైర్లు మార్చిన షాపులో నైట్రోజన్‌కి 200 రూపాయలు అడిగారు. ఈ ఎండలకు మామూలు గాలైతే టైరు పేలుతుందట. నిజమేనా?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడెక్కితే రెండింటి ప్రెజర్ ఒకేలా పెరుగుతుంది, సుమారు 6 డిగ్రీలకు ఒక పీఎస్ఐ (టైరులో గాలి ప్రెజర్‌ని కొలిచే లెక్క). (మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌కి ఆగితే పేలేది మన తలే.) ఎండలో టైరు పేలడానికి అసలు కారణం చాలాసార్లు గాలి తక్కువ కావడం. అప్పుడు టైరు పక్కగోడ అదేపనిగా వంగి లోపల్లోపలే కాగిపోతుంది.

నైట్రోజన్ కాస్త నెమ్మదిగా దిగుతుంది, తేమ ఉండదు. లాభం అంతే. విమానాల టైర్లలో వాడేది మంట ప్రమాదం తగ్గడానికి. మన కారు గన్నవరంలో దిగేది కాదుగా!

నేనూ రెండేళ్లు నైట్రోజనే కొట్టించాను. ఆ ధీమాతో గాలి చూసుకోవడం మానేశాను. ఒకరోజు మంగళగిరి దాటాక బండి ఎడమకు లాగుతుంటే ఆపి చూశా. 33 ఉండాల్సింది 24 ఉంది. వాల్వు లీకు!

ఆ 200 పెట్టి టైరు గాలి చూసుకునే గేజి కొనుక్కోండి. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, బండి తీయకముందే చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. ఇప్పటికే నైట్రోజన్ కొట్టించేసి ఉంటే, తగ్గినప్పుడు పైన మామూలు గాలి కలిపేయొచ్చు.