సత్యవాదులు, అబద్ధాలకోరుల చిక్కుప్రశ్నలను ఎలా విప్పాలి?

ప్రశ్న ఇది: ఒక దీవిలో కొందరు ఎప్పుడూ నిజమే చెబుతారు, మిగిలినవారు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. ఇద్దరు ఎదురయ్యారు. మొదటివాడు ‘మా ఇద్దరిలో కనీసం ఒకరు అబద్ధాలకోరు’ అన్నాడు. ఎవరు ఎలాంటివారు?

ఒక ఊహతో మొదలుపెట్టండి. మొదటివాడు అబద్ధాలకోరు అనుకుందాం. అప్పుడు ఇద్దరిలో ఒక అబద్ధాలకోరు ఉన్నట్టే కదా! అంటే అతని మాట నిజమైపోయింది. అబద్ధాలకోరు నోట నిజం రాకూడదు, కాబట్టి ఊహ తప్పు. అతను సత్యవాది. అతను చెప్పిన అబద్ధాలకోరు రెండోవాడే.

ఊహ నిలిచినంత మాత్రాన అదే జవాబని తొందరపడవద్దు. దానికి ఎదురు ఊహనూ పరీక్షించాలి. రెండూ నిలిస్తే ఇచ్చిన సమాచారం చాలదని అర్థం.

చాలామంది జారిపడేది అబద్ధాన్ని తిరగేసేటప్పుడు. ‘మేమిద్దరం అబద్ధాలకోరులం’ అన్న మాట అబద్ధమైతే, ఇద్దరూ సత్యవాదులని కాదు; కనీసం ఒకరు సత్యవాది అని మాత్రమే. ఆ మాట సత్యవాది అనలేడు. కనుక అన్నవాడు అబద్ధాలకోరు, పక్కవాడు సత్యవాది.

ఈ తరహా లెక్కలు అమెరికన్ తర్కశాస్త్రవేత్త రేమండ్ స్మలియన్ (1919–2017) వల్ల బాగా ప్రాచుర్యం పొందాయి. ఆ దీవిలో ఒకడు మరొకరి గురించి ‘“నేను అబద్ధాలకోరును” అని అతను అన్నాడు’ అని చెబితే, అలా చెప్పినవాడిని వెంటనే అబద్ధాలకోరుగా రాసుకోవచ్చు. ‘నేను అబద్ధాలకోరును’ అన్న మాట అక్కడ ఎవరూ అనలేరు: సత్యవాది అంటే అది అబద్ధమవుతుంది, అబద్ధాలకోరు అంటే నిజమవుతుంది.